పడినవానిని చూచుచు నిలుచువారు

ధ్యానభాగములు: ఓబద్యా 10–14, సామెతలు 24:16, 17, లూకా 22:54–62, గలతీ 6:1, 2



మంచి పని జరుగుచోటికి మనుష్యులను పిలువవలెను. ఎవడైనను పడినచోటికి పిలువనక్కరలేదు, వారే వత్తురు. ఈ సంగతి లోకస్థులలోనే గాక మనలోను ఉన్నది గనుక ఈ నెల దానినిగూర్చి ధ్యానింతము. ఇందుకు మనలో అనేకులు ఎరుగని దూరదేశపు పందెమొకటి దృష్టాంతముగా తీసికొనుచున్నాము. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు పరుగుపందెమును చూపి బోధించెను (1 కొరింథీ 9:24–27) గనుక పందెములనుండి నేర్చుకొనుట మనకు క్రొత్త కాదు.

కొండమీదనుండి సైకిలుపై అతివేగముగా దిగు పందెమొకటి కలదు. దానిని డౌన్‌హిల్ పందెమందురు. 1976వ సంవత్సరము అక్టోబరు 21న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో ఫెయిర్‌ఫాక్స్ అను ఊరి దగ్గర కొందరు యువకులు పాత సైకిళ్లు తీసికొని ఒక మట్టిబాటపై పందెము వేసికొని కొండ దిగిరి. వెనుకచక్రపు బ్రేకు వేడెక్కి దానిలోని గ్రీజు పొగయై పోవుటచేత దిగిన ప్రతిసారి గ్రీజు మరల కూరవలసి వచ్చెడిది. అందుచేత ఆ బాటకు రీప్యాక్ అను పేరు నిలిచెను. ఆ మొదటి పందెములో అలాన్ బాండ్స్ అనువాడు గెలిచెను. పడక క్రిందికి చేరినవాడు అతడొక్కడే యని చెప్పుదురు. తరువాత 1990లో అమెరికాలోనే డురాంగో అను పట్టణమున మొదటి ప్రపంచ పోటీలు జరిగెను. మొదటి దినమునుండియే ఈ పందెమునకు పడుట తోబుట్టువు.

ఇప్పుడు ఇది అనేక దేశములలో జరుగుచున్నది. స్కాట్లండు దేశములోని ఫోర్ట్ విలియం బాట పొడవు 3 కిలోమీటర్లకు లోపే గాని అంతలోనే 550 మీటర్లకు పైగా లోతునకు దిగును. దారి పొడుగున రాళ్లు, చెట్లవేళ్లు, బురద, ఒక్కసారిగా క్రుంగిపోవు మెట్టలు ఉండును. సైకిలువాండ్రు ముఖమంతయు కప్పు హెల్మెట్ పెట్టుకొని, మోకాళ్లకు కాపు కట్టుకొని, ఒక్కొక్కరుగా గడియారము లెక్కలో దిగుదురు. ప్రక్కన పోటీవాడు ఉండడు. కొండయు తానును మాత్రమే. నాలుగైదు నిమిషములలో సంగతి తేలిపోవును.

దారికి ఇరుప్రక్కల పట్టీ కట్టియుందురు. దాని వెనుక జనులు నిలుతురు. వారు ఎక్కడ నిలుతురో గమనించుడి. నేల చదునుగా ఉన్నచోట ఎక్కువమంది ఉండరు. రాళ్లగుట్ట దగ్గర, వేళ్లు పెనవేసికొన్న ఏటవాలు దగ్గర, బురదతో జారు మలుపు దగ్గర గుంపులు గుంపులుగా ఉందురు. గంటలు వాయించుచు, బూరలు ఊదుచు, కేకలు వేయుచు నుందురు. ఎందుకనగా ఎవడైనను పడినయెడల అక్కడనే పడును. పడినప్పుడు గుంపంతయు ఒక్కసారిగా “అయ్యో” అనును. అయితే ఆ “అయ్యో”లో జాలి ఎంతయో, తాము చూడవచ్చినది చూచితిమను తృప్తి ఎంతయో వేరుచేయుట కష్టము. వారిలో మంచియు లేకపోలేదు. పడినవాడు లేచి మరల సైకిలెక్కినయెడల గెలుచువానికి కొట్టినదానికంటె ఎక్కువగా చప్పట్లు కొట్టుదురు. ఒకే గుంపులో, ఒకే మనుష్యునిలో ఈ రెండును ఉన్నవి.

ప్రియులారా, ఓబద్యా గ్రంథము పాతనిబంధనలో అన్నిటికంటె చిన్నది, ఒక్కటే అధ్యాయము. దానిలో దేవుడు ఎదోముమీద మోపిన నేరమేమి? ఎదోమీయులు ఏశావు సంతానము, యాకోబునకు అన్నగారి పిల్లలు. యెరూషలేము పడిన దినమున వారు ఏమి చేసిరో 11వ వచనమునుండి 14వ వచనమువరకు వరుసగా చదువుడి. మొదట వారు ఎడముగా నిలిచిరి. పిమ్మట తేరిచూచిరి. చూచి సంతోషించిరి. సంతోషించి గొప్పలాడిరి. తరువాత గుమ్మములో ప్రవేశించి ఆస్తిమీద చేయి వేసిరి. కడపట అడ్డదారులలో నిలిచి తప్పించుకొనువారిని పట్టి శత్రువులకు అప్పగించిరి. మెట్టు మెట్టుగా దిగిరి. పై మెట్టున నిలిచినప్పుడు క్రింది మెట్టు కనబడదు. “నేను ఏమి చేసితిని? చూచితిని అంతే గదా” యని ఎదోము అనవచ్చును. అయితే ఎడముగా నిలిచిన దినముననే అతడు శత్రువులలో ఒకడైనట్టు ప్రవక్త వానిని లెక్కించుచున్నాడు.

మన పల్లె సంఘములలో ఈ ఎదోము లేడా? ఆలోచింతము. సంఘపెద్ద ఒకడు త్రాగి రోడ్డుమీద పడెనను వార్త తెల్లవారకముందే బోరింగు దగ్గరకు చేరును. ఒకరి కుమార్తె ఇల్లు విడిచి వెళ్లినయెడల ఆ ఇంటి తలుపు తట్టి “అక్కా, అన్నము తింటివా?” అని అడుగువారు ఇద్దరైనను ఉండరు గాని, ఆ తలుపువైపు చూచుచు పోవువారు ఇరువదిమంది. పూర్వము చూచినది నోటితో చెప్పవలసి వచ్చెడిది. ఇప్పుడు చేతిలో సెల్‌ఫోను ఉన్నది. పడినవాని బొమ్మ తీసి పది ఊళ్లకు పంపుచున్నారు. కొందరు దాని క్రింద “ప్రార్థించుడి” అని కూడ వ్రాయుచున్నారు. ప్రార్థించుటకు బొమ్మ ఎందుకు? మన తండ్రి రహస్యమందు చూచువాడు గదా. తప్పిపోయినవాడు ఇంటికి మరలివచ్చు త్రోవలో మనము పంపిన బొమ్మ నిలిచియున్నయెడల, అడ్డదారిలో నిలిచిన ఎదోమునకును మనకును భేదమేమి?

ఆ పందెపు బాటమీద పట్టీకి లోపల నిలుచువారు వేరే కొందరున్నారు. వారు జెండాలవారు. అభ్యాసదినమున ఒకడు పడినయెడల వారు పసుపుపచ్చ జెండా ఊపి, పైనుండి వచ్చువారిని నెమ్మదిగా రమ్మందురు. దారి మూసికొనిపోయినంత అపాయమైనచో ఎఱ్ఱజెండా ఎత్తి వెనుకవానిని నిలుపుదురు. లేనియెడల వాడు వచ్చి పడినవానిమీదనే పడును. “ఎందుకు పడితివి?” అని అడుగుట జెండావాని పని కాదు. పడినవానిని కాపాడుట, వెనుక వచ్చువానిని కాపాడుట, ఇవే వాని పనులు. గుంపువాడు చూచినదానినే జెండావాడును చూచెను. కన్నులు ఒకటే; ఉద్యోగము వేరు. సంఘములో దేవుడు మనకిచ్చిన ఉద్యోగము ఏది?

గలతీ 6వ అధ్యాయము మొదటి వచనములో, తప్పులో చిక్కిన సహోదరుని సాత్వికమైన మనస్సుతో మరల మంచి దారికి తేవలెనని అపొస్తలుడు ఆజ్ఞాపించుచున్నాడు. అక్కడ గ్రీకు భాషలో వాడబడిన మాటయే మార్కు సువార్త మొదటి అధ్యాయము 19వ వచనములో యాకోబు యోహానులు దోనెలో కూర్చుండి వలలు బాగుచేసికొనుచున్న సందర్భమున వాడబడినది. సముద్రతీరమున నున్న మన సహోదరులకు ఈ పని బాగుగా తెలియును. చినిగిన వలను జాలరి బజారులో ఎత్తి చూపడు. ఒడిలో పెట్టుకొనును. తల వంచి ఒక్కొక్క కన్ను వెదకి ముడివేయును. తొందరపడడు. చినుగు దాచడు, చాటడు, కుట్టును. పాపమును పాపము కాదనుట ప్రేమ కాదు. పాపిని పారవేయుట న్యాయము కాదు. శిక్షలో పెట్టబడినవానికిని సంఘము చేయి తోడుండవలెను.

ఇప్పుడు ప్రధానయాజకుని ఇంటి ముంగిట జరిగినది చూతము. ఆ రాత్రి పేతురును ఇద్దరు చూచిరి. చలిమంట వెలుగులో ఒక చిన్నది వానిని తేరిచూచి, వీడును వానితో కూడ ఉండెనని పదిమందిలో చెప్పెను. అది గుంపు చూపు. కోడి కూసిన పిమ్మట ప్రభువు తిరిగి పేతురువైపు చూచెను. అది రక్షకుని చూపు. మొదటి చూపునకు పేతురు అబద్ధమాడెను. రెండవ చూపునకు వెలుపలికి పోయి ఏడ్చెను. తేరిచూచువారి యెదుట మనుష్యుడు తన గాయమును దాచుకొనును, ప్రేమించువాని యెదుట విప్పి చూపును. మన సంఘములో ఎవరును తమ పాపము ఒప్పుకొనుటలేదని మనము విచారపడుచున్నాము. మన చూపు ఏ విధమైనదో మొదట పరీక్షించుకొందము.

పడియున్న సహోదరుడా, సహోదరీ, నీకును ఒక మాట. 2008లో ఇటలీ దేశపు ఉత్తర పర్వతములలో వాల్ ది సోలె అనుచోట ప్రపంచ పోటీలు జరిగెను. ఆస్ట్రేలియా దేశస్థుడైన సామ్ హిల్ 2006లోను 2007లోను గెలిచినవాడు. ఆ దినమున కూడ అతడు అందరికంటె వేగముగా దిగుచుండెను. గమ్యము దగ్గరపడినది. కడపటి మలుపులో చక్రము జారి నేలబడెను. లోకమంతయు చూచుచుండగా పడెను. అయితే అక్కడనే కూర్చుండక లేచి సైకిలెక్కి గమ్యము చేరి, మూడవ స్థానము పొందెను. 2010లో కెనడా దేశములో అతడే మరల ప్రపంచ విజేత యాయెను. ఇంగ్లండు దేశస్థుడైన స్టీవ్ పీట్ 2000, 2001, 2002, 2008 సంవత్సరములలో నాలుగుమారులు రెండవవాడుగా నిలిచి, 35 ఏండ్ల వయస్సున, 2009లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో గెలిచెను. గెలిచినది సెకండులో నూరింట అయిదు పాళ్ల తేడాతో మాత్రమే.

ఆ పందెములో ఒక నియమము కలదు. బాట తప్పి పట్టీ దాటి పడినవాడు ముందుకు అడ్డముపోయి కలియరాదు. తప్పినచోటనే మరల బాటలో ప్రవేశింపవలెను. పేతురునకు ప్రభువు చేసినది ఇదియే. బొగ్గుల మంట దగ్గర పేతురు ప్రభువును ఎరుగనని మూడుమారులు పలికెను (యోహాను 18:18). గలిలయ తీరమున మరల బొగ్గుల మంట దగ్గరనే (యోహాను 21:9) ప్రభువు అతనిని మూడుమారులు అడిగెను. తప్పినచోటనే ఎత్తెను. అప్పు ఎగవేసినవాడు అప్పిచ్చినవాని గుమ్మమునకే వెళ్లవలెను. భార్యను కొట్టినవాడు భార్యయెదుటనే తల వంచవలెను. వేరే ఊరి సభలో కన్నీరు కార్చి అడ్డదారిని కలియుటకు వీలులేదు. నీతిమంతుడు ఏడుమారులు పడినను లేచునని సామెతలు 24:16లో ఉన్నది. అతడు పడడని అక్కడ లేదు. ఆ వెంటనే 17వ వచనము శత్రువు పడినప్పుడు కూడ సంతోషింపవద్దని చెప్పుచున్నది. పడినవానికి ఒక వచనము, చూచువానికి ఒక వచనము. దేవుడు రెండును ప్రక్కప్రక్కనే పెట్టెను.

అయినను ఆ పందెమునకును సువార్తకును ఒక గొప్ప భేదమున్నది. కొండమీద పడినవాడు తన బలముచేతనే లేవవలెను. మనము ఆలాగు లేవలేము. గొల్గొతాయొద్ద జనులు నిలిచి చూచుచుండిరని లూకా వ్రాసెను (23:35). అధికారులు అపహసించిరి. చూచుటకు వచ్చిన ఆ గుంపుకొరకే పైనున్నవాడు క్షమాపణ వేడుచుండెను. ఆయన పరలోకమందు ఎడముగా నిలిచి మన పతనమును చూడవలసినవాడు కాడా? అది ఆయనకు న్యాయమే. కాని ఆయన పట్టీ దాటి మన బాటలోనికి వచ్చెను. సిలువ మోయలేనంతగా నలిగెను. పడినవారితో లెక్కింపబడెను. మూడవ దినమున లేచెను. ఆయన లేచెను గనుకనే మనము లేతుము.

పడనివారమని తలంచువారమైన మనము 1 కొరింథీ 10:12 మరువకుందము. ఆ సైకిలువాండ్రలో ఎంత పేరుగలవాడైనను పందెమునకు ముందు బాటంతయు కాలినడకన నడిచి ప్రతి రాయిని చూచుకొనును. నిన్న ఒకడు పడిన రాయి నేడు తనకును రాయియేయని వానికి తెలియును. పొరుగువాని పతనమును వినోదముగా చూచినవాడు ఆ రాయిని చూడడు.

వచ్చు ప్రభురాత్రి భోజనమునకు ముందు మనలో ప్రతి ఇల్లు ఒక పని చేయును గాక. చాలకాలమునుండి గుడికి రాని ఒకరి పేరు, వెనుక చాపమీద కూర్చుండి దీవెన మాటకు ముందే లేచిపోవు ఒకరి పేరు, ప్రభువు మీ మనస్సునకు తెచ్చును. వారి ఇంటికి వెళ్లుడి. ఇద్దరికంటె ఎక్కువమంది వెళ్లకుడి. గుంపుగా వెళ్లినయెడల మరల గుంపే యగును. జరిగినదానినిగూర్చి మీరు అడుగకుడి. వారు చెప్పినయెడల వినుడి, విన్నది అక్కడనే విడిచిపెట్టి రండి. వారితో కూర్చుండి భోజనము చేయుడి. ఫోనులో వారి బొమ్మ ఉన్నయెడల వెళ్లకముందే తుడిచివేయుడి.

ప్రార్థన: ప్రభువా, మా కన్నులను కనికరించుము. పేతురువైపు తిరిగిన నీ చూపును మాకు అనుగ్రహించుము. పడియున్న మా సహోదరులను లేవనెత్తుము. వారిని లేపుటకు మా చేతులను వాడుకొనుము. మేము పడు దినమున మా యొద్దకు వచ్చువారిని మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.