పాలు తాగడం హింస అవుతుందా? ధర్మవ్యాధుడి మాటల్లో సమాధానం



"మేం శాకాహారులమండీ. మాంసం, గుడ్డు ముట్టం. కానీ పాలు, పెరుగు, నెయ్యి లేనిదే మా ఇంట్లో పూట గడవదు. పాలు తాగడం కూడా హింసే అంటున్నారు ఇప్పటి పిల్లలు. నిజమేనా?" ఈ మధ్య చాలామంది పెద్దవాళ్లు అడుగుతున్న ప్రశ్న ఇది. కొట్టిపారేయడం తేలికే. "ఆవు మనకి తల్లి, తల్లి పాలు తాగితే తప్పేంటి?" అనేస్తే సరిపోతుంది. కానీ ఆ తల్లి కన్న బిడ్డ ఏమైందో కూడా అడగాలి కదా! వీడియోలో సమయం చాలక వదిలేసిన ఆ మాటలు ఇక్కడ చెప్పుకుందాం.

ఆవైనా, గేదె అయినా ఈనితేనే పాలిస్తుంది. ఆవు తొమ్మిది నెలలకు పైగా, గేదె పది నెలలకు పైగా దూడను కడుపున మోస్తాయి. ఈనాక కొన్ని నెలలు పాలిచ్చి వట్టిపోతాయి. మళ్లీ పాలు కావాలంటే మళ్లీ చూలు కట్టాలి, మళ్లీ ఒక దూడ పుట్టాలి. పుట్టే దూడల్లో దాదాపు సగం మగవే.

వెనకటి రోజుల్లో కోడెదూడ పుడితే ఇంట్లో సంబరం. ఒంగోలు జాతిదైతే ఇక చెప్పక్కర్లేదు. అది ఎదిగి నాగలి లాగేది, బండి లాగేది. ఇప్పుడు ఆ పని ట్రాక్టరు చేస్తోంది. పాలివ్వని, పొలం దున్నని దూడకి మేత దండగ అనే లెక్క వచ్చింది. గేదెకి పుట్టిన మగదూడ సంగతి ఇంకా కష్టం. చాలాచోట్ల దానికి కడుపు నిండా పాలు వదలరు. చిక్కి చచ్చిపోతుంది, లేదా సంతకి పోతుంది. సంత నుంచి ఎక్కడికి పోతుందో మనకి తెలియనిది కాదు. గేదె మాంసం ఎగుమతి చేసే దేశాల్లో మన దేశం ముందు వరుసలో ఉంది. ఆ పశువుల్లో ఎక్కువ భాగం పాడి కోసం పెంచినవి, పాడిలో పుట్టినవే.

మన తెలుగు ఇళ్లకు వచ్చే పాలలో గేదె పాలు చాలా ఎక్కువ. మనం గోపూజ చేస్తాం, గోశాలకు విరాళం ఇస్తాం. మంచిదే. కానీ పొద్దున్నే కాఫీలోకి పాలిచ్చిన గేదెకి ఒక్క అరటిపండు పెట్టినవాళ్లం ఎంతమందిమి?

ఇదంతా రైతు తప్పు అనుకుంటే పొరపాటు. దాణా, గడ్డి, మందుల ఖర్చు పోను అతనికి మిగిలేది అంతంతమాత్రం. వట్టిపోయిన పశువును ఏళ్ల తరబడి మేపమని అతనికి నీతులు చెప్పి, పాల ప్యాకెట్ మీద రెండు రూపాయలు పెరిగితే గొణుక్కునేది మనమే.

మరి ధర్మం ఏమంటోంది? మహాభారతం అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి మిథిలకు వెళతాడు. అక్కడ ఆయనకి బోధ చేసింది ఒక మాంసం వ్యాపారి, ధర్మవ్యాధుడు. ఆయన అమ్మేవాటిలో దున్నపోతు మాంసం కూడా ఉంది. కానీ తాను చంపడు, తినడు. ఆయన చెప్పిన మాట చూడండి: నాగలి దున్నితే మట్టిలో ఎన్నో ప్రాణులు చస్తాయి, నడిస్తే కాళ్ల కింద చస్తాయి, ధాన్యపు గింజలోనూ జీవం ఉంది. హింస బొత్తిగా లేని బతుకు ఎవరికీ లేదు. అయితే అహింసని నమ్మినవాడు శ్రద్ధ పెడితే అది తగ్గుతుంది.

ఇందులో రెండు హెచ్చరికలున్నాయి. "నేను శాకాహారిని, నా చేతికి రక్తం అంటలేదు" అనే గర్వం చెల్లదు. "ఎలాగూ అందరూ హింస చేసేవాళ్లమే, ఇక ఎందుకు ఆలోచించడం" అనే సాకు కూడా చెల్లదు. తిన్నడు పెట్టిన మాంసాన్ని శ్రీకాళహస్తీశ్వరుడు స్వీకరించాడని చెప్పుకునే మనం, పక్కింటి వాళ్ల కోడికూర వాసనకి ముక్కు మూసుకునే ముందు మన పెరుగు గిన్నె వైపు కూడా చూసుకోవాలి.

గాంధీగారు 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానేశారు. పాడి పశువులని పెట్టే బాధలు అందుకు ఒక కారణం. తర్వాత తీవ్రంగా జబ్బు చేసినప్పుడు కస్తూర్బా మాట మీద మేకపాలు తీసుకున్నారు. వ్రతం పట్టినప్పుడు తన మనసులో ఉన్నవి ఆవు, గేదె పాలే కాబట్టి అక్షరం నిలిచింది, ఆత్మ మాత్రం నిలవలేదని ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. అంతటివారికే కష్టమైన పని అందరూ రేపటి నుంచే చేయాలని మేం అనం. పసిపిల్లలకి, రోగులకి, ముసలివాళ్లకి పాలు అవసరమైతే ఇవ్వండి. కానీ పాలు తాగితే అప్పు పడ్డట్టే. ఆ అప్పు తీర్చాలి.

ఎలాగంటారా? పాలు పోసేవాళ్లు తెలిసినవాళ్లైతే "దూడ బాగుందా? కడుపు నిండా తాగుతోందా?" అని అడగండి. దూడకి వదిలి మిగిలినవే అమ్మే రైతుకి రెండు రూపాయలు ఎక్కువే ఇవ్వండి. నెలకి పాలకయ్యే ఖర్చులో కొంత వట్టిపోయిన పశువులని, మగదూడలని సాకే చోటుకి పంపండి. అక్కడ గేదెలకి కూడా చోటుందా అని అడగండి. అభిషేకానికి బిందెలు అక్కర్లేదు, ఉద్ధరిణెడు చాలు. గీతలో స్వామి భక్తితో ఇమ్మన్నవి ఆకు, పువ్వు, పండు, నీళ్లు. ఆ జాబితాలో పాలు లేవు! ఇక పూర్తిగా మానేస్తామనే పిల్లలు ఇంట్లో ఉంటే ఎగతాళి చేయకండి. వాళ్లు ధర్మవ్యాధుడు చెప్పిన శ్రద్ధనే చూపిస్తున్నారు.

ఈ పూట నైవేద్యం పెట్టేటప్పుడు ఆ పాలు ఏ దూడ నోటి దగ్గర నుంచి వచ్చాయో ఒక్కసారి తలుచుకోండి. దాని కోసం ఏం చేయాలో అప్పుడు మీకే తోస్తుంది.

స్వస్తి.