తెలియక పుచ్చుకొన్న సొమ్ము

దొంగసొమ్మని ఎరుగక పుచ్చుకొన్న వర్తకుడు దోషి యగునా? ఈ ప్రశ్న వర్తకమంత పాతది. అయినను, నాణెము చేతికి తగులని ఈ కాలమున అది క్రొత్త వేషముతో వచ్చి దుకాణపు గడపలో నిలిచినది. పూర్వము దీనికి షరాబులు, ఊరి పెద్దలు సమాధానము చెప్పెడివారు. నేడు సమాధానము చెప్పునది ఒక లెక్క. ఆ లెక్క న్యాయమైనదేనా అని విచారించుట అవసరము.

కోరాపుట్ నుండి రాయగడకు పోవు రైలు మార్గములో కకిరిగుమ్మ ఒక చిన్న స్టేషను. 1936లో ఒరిస్సా వేరుపడు వరకు ఈ కొండసీమ మద్రాసు రాజధానిలో విశాఖపట్టణము జిల్లా ఏజెన్సీగా ఉండెను. కాబట్టి సాలూరు, పార్వతీపురము, విజయనగరముల వర్తకులకు ఇది పరాయి చోటు కాదు. ఈ సీమ సంతలలో ఒడియా, తెలుగు, కువి మూడును వినబడును. కొండల మీది నుండి రాగులు, వలిసెలు, అల్లము, పసుపు, చింతపండు దిగివచ్చును. ఉప్పు, నూనె, బట్ట, ఇనుపసామాను పైకి పోవును. ఇట్టి చోట్ల అరువనునది మనిషి ముఖము చూచి ఇచ్చునదే గాని కాగితము చూచి ఇచ్చునది కాదు. ఇప్పుడు ఇట్టి అంగళ్లలో సైతము బల్లపై క్యూఆర్ కోడు అట్ట, అక్కడక్కడ స్వైపు మిషను కనబడుచున్నవి. సొమ్ము పడినదని పక్కనున్న చిన్న పెట్టె బిగ్గరగా పలుకును. ఎవరి సొమ్మో అది పలుకదు.

శ్రావకుని అచౌర్యాణువ్రతమునకు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున ఐదు అతిచారములు చెప్పబడినవి. దొంగను ప్రోత్సహించుట, దొంగ తెచ్చినదానిని గ్రహించుట, రాజ్యశాసనమును మీరి వ్యాపారము చేయుట, తూకములందు కొలతలందు హెచ్చుతగ్గులు చేయుట, మంచి సరకని చెప్పి నకిలీ నిచ్చుట. సంతను దగ్గరగా చూచినవారు గాని ఇట్టి పట్టిక కూర్చలేరు. (కొండవాని దగ్గర అల్లము తూచి కొనువారు నాలుగవదానిని నెలకొకసారి చదువుకొనుట మేలు, అది వేరు సంగతి.) ఇక్కడి ప్రశ్న రెండవదానికి చెందినది. దొంగ తెచ్చినదని ఎరిగియు, చవుకగా వచ్చుచున్నదని కన్ను మూసికొనియు పుచ్చుకొన్నవాని దోషము స్పష్టము. ఎరుగనివాని సంగతి ఏమి? హింసకు మూలము ప్రమాదమని, అనగా ఏమరుపాటని, ఆ గ్రంథమే చెప్పుచున్నది. కాబట్టి ‘నాకు తెలియదు’ అను మాటతో విచారణ ముగియదు, అక్కడనే మొదలగును. తెలిసికొనుటకు వీలు లేక తెలియలేదా? వీలుండియు, బేరము పోవునను భయముచేత తెలిసికొనలేదా? ఈ రెండింటికి నడుమ ఆకాశమునకు భూమికి ఉన్నంత దూరము కలదు.

పూర్వపు వర్తకులు ఈ దూరమును బాగుగా ఎరుగుదురు. షాజోగ్ హుండీ అను పద్ధతి పెద్దవారికి జ్ఞాపకముండవచ్చును. అట్టి హుండీకి సొమ్ము ఎవరికిబడితే వారికి చెల్లింపరాదు. బజారులో పరువు ప్రతిష్ఠలు గల షాహుకే చెల్లింపవలెను. హుండీ చేతులు మారి మారి కడకు ఒక షాహు వద్దకు చేరును. అతడు తెచ్చినవానిని విచారించి, తన పేరు మీద దానిని చూపి సొమ్ము తీసికొనును. తరువాత అది దొంగహుండీయని తేలినచో, షాహు ఆ సొమ్మును వడ్డీతో తిరిగి కట్టవలెను. అతడు మోసగాడు కాకపోయినను కట్టవలెను. అయితే బొంబాయి షరాబుల ఆచారమున అతనికి ఒక ద్వారము ఉండెను: ఆ దొంగహుండీ వ్రాసినవానిని పట్టి చూపగలిగినచో షాహుకు విడుదల. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము సైతము దేశభాషలలో వ్రాసిన హుండీల విషయమున స్థానికాచారమును త్రోసివేయలేదు.

ఇందు గమనింపవలసినది ఒకటి ఉన్నది. షాహు నష్టమును భరించును గాని, ఆ ఒక్క కారణముచేత అతడు దండింపబడువాడు కాడు. సొమ్ము తిరిగి కట్టిన షాహు మరునాడును షాహుయే.

ఇప్పుడు కార్డు సంగతి చూడవలెను. కొనుగోలుదారుడు కార్డుతో చెల్లించినప్పుడు నలుగురు పనిచేయుదురు: అతనికి కార్డు ఇచ్చిన బ్యాంకు, వర్తకుని బ్యాంకు, ఈ రెండింటిని కలుపు వీసా, మాస్టర్‌కార్డు, రూపే వంటి సంస్థ, వర్తకుడు. కార్డుదారుడు ‘ఈ కొనుగోలు నాది కాదు’ అని తన బ్యాంకుతో చెప్పినచో, ఆ సొమ్ము వర్తకుని ఖాతా నుండి వెనుకకు లాగబడవచ్చును. దీనినే ఛార్జిబ్యాకు అందురు. సరకు పోయినది, సొమ్మును పోయినది. ఇంతవరకు ఇది షాహు కట్టిన సొమ్ము వంటిదే. దీనిపై వర్తకులకు సణుగుడు ఉండవచ్చును గాని, పెద్ద ఆక్షేపణకు చోటు లేదు. సొమ్ము పుచ్చుకొన్నవాడు, పుచ్చుకొన్నదానికి పూచీపడవలెను.

కథ అక్కడ ఆగుట లేదు. కార్డు సంస్థలు ఇట్టి వివాదములను నెలనెలా లెక్కించి, హద్దు మించినచో జరిమానా వేయుచున్నవి. మాస్టర్‌కార్డు పద్ధతిలో, ఒక నెల వచ్చిన ఛార్జిబ్యాకులను అంతకు ముందు నెల అమ్మకముల సంఖ్యతో భాగింతురు. అవి నూరైనను కాగా, నూటికి ఒకటిన్నర పాళ్లకు చేరినచో వర్తకుడు హద్దు దాటినవాడు. మొదటి నెల జరిమానా లేదు. రెండవ నెల నుండి 1,000 డాలర్లు. తగ్గకుండ సాగినచో అది పెరుగుచు పోయి, పంతొమ్మిదవ నెల నుండి నెలకు 1,00,000 డాలర్లగును. వీసా తన పాత పద్ధతులను కలిపి 2025 ఏప్రిల్ 1 నుండి ఒకే పద్ధతిగా చేసినది. ఇది కార్డు ఎదుట లేకుండ జరుగు అమ్మకములకు, అనగా ముఖ్యముగా ఇంటర్నెట్ వర్తకమునకు సంబంధించినది. మోసమని బ్యాంకులు తెలిపిన వాటిని, వివాదములను రెంటిని కలిపి లెక్కింతురు. నెలకు 1,500కు, నూటికి 2.2 పాళ్లకు చేరినచో అధికమని నిర్ణయించిరి. 2026 ఏప్రిల్ నుండి పలు దేశములలో ఆ 2.2ను 1.5కు దింపుదుమని ముందుగనే ప్రకటించిరి. హద్దు దాటినప్పుడు ఒక్కొక్క మోసమునకు, ఒక్కొక్క వివాదమునకు 8 డాలర్లు. మూడువందల రూపాయల వస్తువు అమ్మి మోసపోయినవాడు వస్తువును, సొమ్మును పోగొట్టుకొని, పైగా సుమారు ఏడువందల రూపాయలు చెల్లించుకొనవలసివచ్చును.

ఈ లెక్కలో రెండు విచిత్రములు కలవు. ఒకే అమ్మకము మోసముగా ఒకసారి, వివాదముగా ఒకసారి, రెండుమార్లు లెక్కకు ఎక్కవచ్చును. రెండవది ఇంకను బాధాకరము. సరకు పుచ్చుకొని, వాడుకొని, పుచ్చుకొనలేదని బ్యాంకుతో అబద్ధమాడువారును లోకమున ఉన్నారు. అట్టివానిపై వర్తకుడు రసీదులు చూపి వివాదము గెలిచినను, సొమ్ము తిరిగివచ్చును గాని లెక్కలోని గీత చెరగదు. గెలిచిన వ్యాజ్యము కూడ ఓడిన వ్యాజ్యముతో సమానముగా అతని పద్దున నిలుచును.

ఇక వర్తకుని బ్యాంకు విసిగి అతనిని తొలగించినచో, మ్యాచ్ అను జాబితాలో అతని పేరు ఎక్కును. దుకాణము పేరే కాదు, యజమాని పేరును ఎక్కును. ఐదు సంవత్సరములు అది అక్కడ ఉండును. క్రొత్త వర్తకుని చేర్చుకొనుటకు ముందు బ్యాంకులు ఆ జాబితాను చూచును. పేరును తీయింపవలెనన్నచో, సాధారణముగా ఎక్కించిన బ్యాంకే తీయవలెను. పూర్వపు బజారులోను వెలివేత లేకపోలేదు. కాని వెలివేయబడినవానికి తనను వెలివేసినవారి వాకిలి ఎక్కడో తెలియును.

కార్డు సంస్థల పక్షమును కూడ వినవలెను. వారు చెప్పునది కొట్టివేయదగినది కాదు. కోట్లకొలది అమ్మకములలో ఒక్కొక్క వర్తకుని మనస్సును పరీక్షించు న్యాయస్థానము ఎక్కడ దొరకును? ప్రతివాడును ‘నేనెరుగ’ననును. ఎరుగననుట లాభసాటియైనప్పుడు ఎరుగనివారు పెరుగుదురు. మోసము చేయువాడు గట్టి తలుపుల దుకాణమును వదలి, తలుపు లేని దుకాణమును వెదకుకొని పోవును. కాబట్టి ఒక దుకాణమున మోసములు మాటిమాటికి జరుగుచున్నచో, యజమాని నిర్దోషియే అయినను అతని తలుపు సరిగా లేదని అర్థము. నూటికి ఒకటి రెండు పాళ్లను హద్దు అనునది ఒకటి రెండు పొరపాట్లను మన్నించుటయే గదా. ఈ వాదములో సత్యము కలదు. తన పేరు కార్డు చిట్టాలో కొనుగోలుదారునకు గుర్తు తెలియని విధముగా పడుచున్నదని తెలిసియు మార్చుకొననివాడు, తిరిగి ఇయ్యవలసిన సొమ్మును నెలలకొలది త్రిప్పువాడు, అనుమానాస్పదమైన పెద్ద ఆర్డరును లాభాపేక్షచే పంపివేయువాడు — వీరి పట్ల జాలి అక్కరలేదు.

అన్నిటికంటె హీనమైనది ఒకటి ఉన్నది. అది చిన్న ఊళ్లకు సైతము చేరదగినది. ఎవడో వచ్చి, ‘మీ మిషనులో నా సొమ్ము గీకించుకొనుడు, లేదా మీ క్యూఆర్ కోడు వాడుకొననిండు, నూటికి రెండు రూపాయలు మీకు’ అనును. సరకు లేదు, బిల్లు లేదు, ఊరక వచ్చు కమీషను. ఇది ఎరుగక చేసినదని ఎట్లు చెప్పవచ్చును? సరకు లేని సొమ్ము ఎక్కడి నుండి వచ్చుచున్నదో అడుగకుండుటకే ఆ రెండు రూపాయలు. దొంగ తెచ్చినదానిని గ్రహించుట అనునది అక్షరాల ఇదే.

అయినను, ప్రమాదమున్నచో దండన తగునని ఒప్పుకొన్నంత మాత్రమున, లెక్క హెచ్చినదే ప్రమాదమునకు రుజువని ఒప్పుకొన నక్కరలేదు. లెక్క అనుమానమునకు కారణము కావచ్చును, తీర్పు కారాదు. నష్టము ఎవరు భరింపవలెనను ప్రశ్నకు దోషవిచారణ లేకయే సమాధానము చెప్పవచ్చును. షాహు దానిని శతాబ్దములుగా ఒప్పుకొన్నాడు. కాని జరిమానా, పేరుకెక్కు మచ్చ, ఐదేండ్ల వెలి, ఇవి నష్టపరిహారములు కావు, దండనలు. దండన యనగానే, ‘నీవు ఏమి చేసితివి, ఏమి చేయకుంటివి’ అని అడుగువాడొకడు ఉండవలెను. భారతదేశమున రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఖాతాదారుల విషయమున ఈ న్యాయమును పాటించినది. తప్పు బ్యాంకుదిగాని ఖాతాదారునిదిగాని కాక, మూడు పనిదినములలో ఫిర్యాదు చేసినచో ఖాతాదారునకు నష్టము లేదు. తప్పు అతనిదే అని చూపవలసిన భారము బ్యాంకుది. వర్తకునికి మాత్రము ఇట్టి భారమును ఎవరును మోయుట లేదు.

కకిరిగుమ్మ వంటి చోట కిరాణా అంగడి నడుపువాడు ఈ 1,500ల హద్దుకు ఆమడ దూరములో ఉండును. 2009 నుండి ఇంటర్నెట్ కొనుగోళ్లకు రెండవ ధ్రువీకరణ తప్పనిసరి అయినందున, ఈ దేశపు వర్తకునికి కొంత రక్షణయు కలదు. అట్లని అతనికి ఈ విషయముతో పనిలేదని అనుకొనరాదు. వీసా పద్ధతి వర్తకుని ఒక్కనినే గాక, వర్తకుని బ్యాంకు చేర్చుకొన్న వారందరిని కలిపి కూడ లెక్కించును. జరిమానా మొదట పడునది బ్యాంకు మీదనే. బ్యాంకు దానిని క్రిందికి దింపును. తన లెక్క చెడునని భయపడు బ్యాంకు, హద్దు దాటినవానిని మాత్రమే గాక, దాటునేమో అని తోచినవానిని సైతము వదలించుకొన జూచును.

కార్డుకంటె క్యూఆర్ కోడు వాడుక ఎక్కువగా ఉన్న చోట్ల ఇదే న్యాయము వేరొక రూపమున వచ్చినది. ఎక్కడో ఒకడు మోసపోయి 1930 నంబరుకు ఫిర్యాదు చేయును. అతని సొమ్ము ఏ ఏ ఖాతాలలోనికి ప్రాకినదో చూచి పోలీసులు వాటిని నిలుపుదురు. మోసగాడు ఆ సొమ్ముతో దారిలో ఎక్కడో ఐదువందల రూపాయల నూనె కొన్నాడనుకొనుడు. నూనె అమ్మినవాని ఖాతాయు నిలిచిపోవచ్చును. ఖాతాను నిలిపినవారు మరియొక రాష్ట్రపు పోలీసులు. కాగితము వచ్చినచో ఇంగ్లీషులో వచ్చును. ఐదువందలకై, సరకు తెప్పించుటకు ఉంచుకొన్న లక్ష నిలిచిపోవును. 2023లో ఇట్టి ఖాతాదారులు పలువురు కేరళ హైకోర్టుకు పోగా, తగాదాలోనున్న మొత్తమును మాత్రమే నిలిపి, మిగిలిన ఖాతాను వాడుకొననీయవలెనని ఆ న్యాయస్థానము చెప్పినది. షాహు న్యాయము అదే: పుచ్చుకొన్నంతకు పూచీ, అంతకు మించి కాదు.

ఆ తీర్పు కేరళలోనిది. కొండసీమ నుండి కటకములోని హైకోర్టుకు పోవుటయన్న రాత్రి ప్రయాణము, వకీలు ఫీజు, మూతపడిన అంగడి. కాబట్టి వర్తకులలో కొందరు క్యూఆర్ వసూళ్లకు వేరొక ఖాతా తెరచి, సాయంత్రమునకు దానిలో ఏమియు మిగులకుండ చూచుకొనుచున్నారు. తెలియనివాడు పెద్ద మొత్తము పంపినచో, ఏమి కొన్నాడో, ఫోను నంబరు ఏదో బిల్లు పుస్తకములో వ్రాసికొనువారును ఉన్నారు. రేపు ఎవరైన అడిగినచో చూపుటకు ఆ పుస్తకము ఉన్నది. అడుగుటకు ఎవరు వత్తురో, ఏ భాషలో అడుగుదురో మాత్రము వారికి ఇంకను తెలియదు.