వేలిముద్ర కూడా అమానతే



చిన్నారి యూసుఫ్ (అలైహిస్సలాం) తాను కన్న కలను తండ్రికి చెప్పారు. అది శుభసూచకమైన కల. అయినా హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) దాన్ని అన్నలకు చెప్పవద్దని కుమారుణ్ణి వారించారు. వారు కుట్ర పన్నుతారేమోనని ఆయన భయపడ్డారు. యూసుఫ్ సూరా ఆరంభంలోని ఈ సంఘటనలో మనకు గొప్ప పాఠం ఉంది. మంచి విషయమైనా అందరి ముందూ పెట్టకూడదు. జాగ్రత్తపడటం దైవంపై నమ్మకానికి విరుద్ధం కాదు.

2018 జూన్‌లో మన ప్రాంతానికి చెందిన ఒక ఉదంతం వెలుగులోకి వచ్చింది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ధర్మారం ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో ఉంది. అక్కడ సిమ్ కార్డుల వ్యాపారం చేసే ఒక వ్యక్తి భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుండి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు సేకరించాడని, రబ్బరుతో నకిలీ ముద్రలు తయారుచేసి, ఇతరుల పేర్లతో వేలాది సిమ్‌లను యాక్టివేట్ చేశాడని పోలీసులు వెల్లడించారు. పొలం కాగితంపై వేలు పెట్టిన రైతుకు ఆ ముద్ర ఎక్కడెక్కడ తిరుగుతోందో ఏం తెలుసు?

ఇతరుల ఇళ్లలోకి అనుమతి లేకుండా ప్రవేశించరాదని అన్నూర్ సూరా (24:27) ఆదేశిస్తోంది. గూఢచర్యాన్ని అల్ హుజురాత్ సూరా (49:12) నిషేధించింది. ఒక వ్యక్తి తన ఇంట్లోకి రంధ్రం గుండా తొంగి చూసినప్పుడు దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా మందలించారు. అనుమతి నియమం ఉన్నదే చూపును అదుపులో ఉంచటానికని బోధించారు. మరి భార్య ఫోనును, స్నేహితుని సందేశాలను రహస్యంగా తెరిచి చూడటం ఏ కోవలోకి వస్తుంది? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. విశ్వాసికి ఈ బాధ్యత పద్నాలుగు శతాబ్దాల క్రితమే అప్పగించబడింది.

జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లు గల్ఫ్ సంపాదనపై నడుస్తున్నాయి. ఎడారి ఎండలో చెమటోడ్చి పంపిన సొమ్ము ఒక్క ఫోన్ కాల్‌తో పోవచ్చు. కనుక ఓటీపీని, పిన్‌ను ఎవరు అడిగినా చెప్పకండి. డబ్బు రావటానికి పిన్ అవసరం లేదు, పంపటానికే అవసరం. ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసుకునే సౌకర్యం ఉంది, వాడుకోండి. మోసపోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇక రెండో వైపు చూద్దాం. చదువురాని పొరుగింటి ఖాలా తన ఫోను మీ అబ్బాయి చేతికిచ్చి "బేటా, డబ్బులొచ్చాయేమో చూడు" అంటుంది. ఆమె పిన్ అతని దగ్గర అమానతు. జిరాక్సు దుకాణంలో మిగిలిపోయిన పాస్‌పోర్టు నకలు ఆ దుకాణదారుని దగ్గర అమానతు. అమానతులను హక్కుదారులకు అప్పగించమన్న అన్నిసా సూరా (4:58) ఆదేశం వీటికీ వర్తిస్తుంది.

ప్రళయదినాన నోళ్లకు ముద్ర పడుతుందనీ, చేతులు మాట్లాడతాయనీ యాసీన్ సూరా (36:65) తెలుపుతోంది. ఇతరుల ఫోనును తెరిచిన వేళ్లు ఆనాడు ఏమని సాక్ష్యమిస్తాయో ఆలోచించండి!

మన అమానతులను, మన వద్దనున్న ఇతరుల అమానతులను కాపాడుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.