కూత దాచుకోవడం ఎలా?

మా చిన్నప్పుడు పాతబస్తీలో, ఫలక్‌నుమా స్టేషన్ పక్కనే ఇల్లు. బొగ్గింజను కూత వినబడగానే అమ్మమ్మ, "ఇవాళ ఆ పాత డ్రైవరే, చివర్న సాగదీస్తాడు" అనేది.

ఈలలో ఏముంది? సన్నని సందులోంచి ఆవిరి ఎగదన్ని, పైన బోర్లించిన గిన్నె అంచుకి తగిలితే పలుకుతుంది. గిన్నె పొడుగైతే మంద్రస్వరం, పొట్టిదైతే కీచుగొంతు. అయినా తాడు లాగే చెయ్యి మారితే కూతా మారేది!

1855 నాటి ఫెయిరీ క్వీన్ ఇంజన్ని భద్రంగా దాచుకున్నాం. మంచిదే. ఇనుముని దాచగలం, మరి ఆ చేతి ఒడుపునో? ఇంకొకరికి నేర్పితేనే కదా అది మిగిలేది!

ఒకర్ని అనేముందు నా సంగతీ చెప్పాలి. అమ్మమ్మ కాసులపేరు బీరువాలో ఉంది. ఆవిడ పాడే మంగళహారతులు మాత్రం ఒక్కటీ నాకు రావు. ఇప్పుడు చెప్పండి, నేను దాచుకున్నది అమ్మమ్మనా, బంగారాన్నా?