తులాప్రామాణ్యము

వస్తువును తెలిసికొనుటకు ప్రమాణము కావలెను. ఆ ప్రమాణము సరియైనదని తెలిసికొనుటకు మరియొక ప్రమాణము కావలెనా? కావలెనన్నచో దానికి వేరొకటి, ఆ వేరొకదానికి ఇంకొకటి, ఇట్లు అనవస్థ ప్రాప్తించును. అక్కరలేదన్నచో మొదటిదానికి మాత్రము ఆ మినహాయింపు ఏలయని ప్రశ్న పుట్టును. సంప్రదాయము కృష్ణాతీరపు నాగార్జునకొండతో ముడివెట్టిన నాగార్జునాచార్యుడు విగ్రహవ్యావర్తనిలో ప్రమాణవాదులకు వేసిన చిక్కుముడి ఇది. గౌతముని న్యాయసూత్రములలో రెండవ అధ్యాయము ఇట్టి ఆక్షేపమునకే త్రాసును దృష్టాంతముగా చూపినది. బంగారమును తూచునప్పుడు త్రాసు ప్రమాణము, బంగారము ప్రమేయము. ఎత్తు తెలిసిన ఆ బంగారముతోనే మరియొక త్రాసును పరీక్షించునప్పుడు బంగారము ప్రమాణము, ఆ త్రాసు ప్రమేయము అని భాష్యకారుడైన వాత్స్యాయనుడు వివరించెను.

ఈ దృష్టాంతమును చదివి తలయూపుట సులభము. తూకము తప్పినచో ప్రాణమే పోవు చోట అది నిలుచునో లేదో చూడగోరువారు అమెరికాలో తూటాలను తామే నింపుకొనువారి బల్లయొద్దకు పోవలెను. అచ్చటి వేటగాండ్రును గురిపందెములవారును పేల్చిన తూటాల ఇత్తడి గుల్లలను పారవేయక, శుభ్రపరచి, నిప్పు రగిల్చు క్రొత్త ప్రైమరు బిగించి, తుపాకిమందు పోసి, గుండు కూర్చుకొందురు. మందును కొలుచుట గ్రెయినులలో. మన కంసాలులకు గురివిందగింజ ఎట్టిదో వారికి యవల గింజనుండి పుట్టిన ఈ కొలత అట్టిది. పౌండునకు 7000 గ్రెయినులు. ఒక్కొక్కటి సుమారు 64.8 మిల్లీగ్రాములు. చిన్న పిస్తోలు తూటాకు నాలుగైదు గ్రెయినులు చాలును గనుక, అందులో ఒక్క గ్రెయిను హెచ్చినను అది స్వల్పదోషము కాదు.

మందు కొలుచు పనిముట్లలో కొన్ని పరిమాణమును బట్టి కొలుచును, కొన్ని బరువును బట్టి తూచును. మొదటి తెగలో శ్రేష్ఠమైనది బల్లకు బిగించు ఉరుళియంత్రము: పైన మందుతొట్టి, దాని క్రింద తిరుగు ఉరుళి, ఆ ఉరుళిలో మరత్రిప్పి పెంచుటకును తగ్గించుటకును వీలైన గుంట. పిడిని ఒకవైపు త్రిప్పగా గుంట నిండును, మరల త్రిప్పగా మందు గొట్టముగుండ గుల్లలోనికి జారును. గుండ్రని గింజల మందు తడబాటు లేక దిగును. సన్నని పుల్లలుగా చేసిన మందైనచో ఉరుళి అంచున ఒక పుల్ల చిక్కి తెగునప్పుడు ఆ కరకర పిడిపట్టిన చేతికే తెలియును, తెలిసినవాడు ఆ కొలతను నమ్మక తిరిగి తొట్టిలో పోయును. తొట్టిలో మట్టము తగ్గినను, పిడిని ఒకమారు మెల్లగా ఒకమారు విసురుగా త్రిప్పినను కొలత మారును. అందుచేత పది కొలతలను కలిపి తూచి పదింట భాగించి చూతురు. తొలుత ఏది కొనదగునని నన్నడిగినచో సందేహింపక త్రాసునే చెప్పుదును. త్రాసు ఒక్కటియే యున్నవాడు పని ఆలస్యముగానైనను చేసికొనగలడు. ఉరుళి ఒక్కటియే యున్నవాడు తాను పోయుచున్నది ఎంతయో ఎరుగడు.

ఆ త్రాసునైనను గాలి తగులని చోట, చదునైన బల్లపై నిలిపి, సున్న సరిచూచి, బరువు తెలిసిన పడికట్టుతో పరీక్షించిన పిమ్మటనే నమ్ముదురు. ఉరుళికి త్రాసు సాక్షి, త్రాసునకు పడికట్టు సాక్షి. పడికట్టునకు సాక్షి ఎవరు? ఈ పరంపర ఎక్కుచు పోగా పారిస్ చెంత సేవ్ర్ లో భద్రపరచిన ప్లాటినము-ఇరిడియము స్తంభికను చేరుచుండెను. 1889 నుండి 2019 వరకు లోకమునకు కిలోగ్రాము అనగా అదియే. శతాబ్దము గడచుసరికి దానికిని దాని ప్రతిరూపములకును సుమారు 50 మైక్రోగ్రాముల భేదము కానవచ్చినప్పుడు, మారినది మూలమో ప్రతిరూపములో చెప్పగల త్రాసు లేకపోయెను. నాగార్జునుడు అడిగిన తుదిప్రమాణము అక్కడను దొరకలేదు.

అయినను లోకమున తూకము ఆగలేదు. ఏలయనగా ప్రామాణ్యము వస్తువునకు స్వభావము కాదు, సందర్భము దానికిచ్చిన అధికారము. పాతకాలపు నల్ల తుపాకిమందు కొలపాత్ర ఆ మందునకు నిర్దుష్టము. అదే పాత్రతో పొగలేని మందును నింపి పోసినవాని తుపాకి బద్దలు కావచ్చును. ప్రమాణములకు స్వభావసిద్ధి లేదనుటలో నాగార్జునుడు గెలిచెననియే నా తలపు. కాని అంతమాత్రమున తెలియుట అసంభవమగునని మనము ఒప్పుకొననక్కరలేదు, ఏలయనగా స్వభావసిద్ధి లేనివి ఒండొంటిని దిద్దుచు నిజమును నిలుపగలవని గౌతముని త్రాసు చూపుచున్నది.

మిగిలిన చిక్కు ఇంకను కఠినమైనది. జ్ఞానము యథార్థమైనదో కాదో ఫలము చెప్పును, నీరనుకొన్నవానికి దాహము తీరవలెను అని నైయాయికులందురు. కాని తూటాలు నింపు బల్లయొద్ద ఫలము చూచువరకు ఆగినచో చూచువాడు మిగులకపోవచ్చును. న్యాయవ్యాఖ్యాతయైన వాచస్పతిమిశ్రుడు చెప్పిన తజ్జాతీయత, అనగా లోగడ సఫలమైనదానితో సజాతీయమగుటచేత ముందే ప్రామాణ్యమును ఊహించుట, ఇట్టి చోట ప్రాణాధారమగును; పరీక్షించి ప్రకటించిన కొలతల పుస్తకమును ముందుంచుకొని, అందలి గరిష్ఠ మోతాదునకు పదియవవంతు తక్కువతో మొదలిడి, మెట్టుమెట్టుగా పెంచుచు, పేలిన గుల్లను ప్రతిమారు పరిశీలించుట ఇందులకే.

ఉరుళియు త్రాసును నిజమే చెప్పగా కూడ ప్రమాదము జరుగు చోటొకటి కలదు. చేయి మరచి ఒకే గుల్లలో రెండుమారులు పోసినచో ప్రతి కొలతయు సరియైనదే, తూటా మాత్రము మృత్యువు. అందుచేత గుల్లలను పలకలోని గుంటలలో వరుసగా నిలిపి, గుండ్లు కూర్చుటకు ముందు దీపము వంచి ఒక్కొక్కదానిలోనికి తొంగిచూతురు. ఇంతకన్నను మేలైన ఉపాయము, రెండవమారు పోసినచో గుల్ల అంచు దాటి పొర్లిపోవునంత చోటు పట్టు మందును ఎన్నుకొనుట. బాధకము, అనగా తప్పని చూపు మరియొక జ్ఞానము, కానరానంతవరకు జ్ఞానము ప్రమాణమేయన్న మీమాంసకుడు కుమారిలభట్టు మతమును పాటింపగోరువాడు, బాధకము వచ్చుటకు దారి తెరచి ఉంచవలెను గదా. ఆ మందు బల్లమీద పొర్లుటయే బాధకము, అది గుండు కూర్చకముందే కంటబడును.