శీర్షికలో మాట ఆమెది, కింద పేరు ఎవరిది?

పరిశోధనా వ్యాసాలకు శీర్షిక పెట్టడంలో మనకొక అలవాటు స్థిరపడిపోయింది. ముందు కొటేషన్లలో ఒక స్త్రీ అన్న మాట. తర్వాత రెండు చుక్కలు. ఆ తర్వాత మన సిద్ధాంత భాషలో ఒక అర వాక్యం. దాని కింద మన పేరు.

చదవగానే పట్టి నిలిపేది చుక్కలకు ముందున్న మాటే. అది బీడీలు చుట్టే ఆమెదో, పత్తి చేలో కూలికెళ్లే ఆమెదో అయివుంటుంది. కానీ లైబ్రరీలో ఆ వ్యాసాన్ని వెతకాలంటే మన ఇంటిపేరుతోనే వెతకాలి. ఆమె మాత్రం పేరు మార్చిన లక్ష్మిగానో, ఏడో నంబరు సమాచారదాతగానో మిగిలిపోతుంది.

పేరు దాచడమే తప్పని నేననను. భర్త కొట్టిన సంగతి చెప్పిన స్త్రీకి అచ్చులో పేరు కనపడటం ప్రమాదమే. అయితే దాచాలన్న నిర్ణయం ఎవరిది? దాచమని ఆమె కోరితే అది రక్షణ. అడగకుండానే దాచేస్తే, ఎంత మంచి ఉద్దేశంతో చేసినా, అది చెరిపెయ్యడమే.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'ను ఇక్కడ తలచుకోవాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మల్లు స్వరాజ్యం, ప్రియంవద వంటి స్త్రీలు అందులో తమ పేర్లతోనే మాట్లాడతారు. సేకరించి కూర్చినవాళ్లు రచయితగా సంఘం పేరు పెట్టారు. 1989లో అదే పుస్తకం 'వి వర్ మేకింగ్ హిస్టరీ'గా ఇంగ్లీషులో వచ్చింది. తెలుగులో మనం వేరు, మేము వేరు. తెలుగు శీర్షికలోని 'మన' తెలియనివాళ్లనీ, పోరాడినవాళ్లనీ కలుపుకుంటుంది. ఇంగ్లీషు శీర్షికలో వినపడేది పోరాడినవాళ్ల 'మేము'. శీర్షిక మారితే మాట్లాడే మనిషే మారిపోతుంది.

మరి ఆ స్త్రీలందరినీ సహరచయితలుగా చేర్చేస్తే న్యాయం జరిగినట్టేనా? అంత తేలిక కాదు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రచయితకు నాలుగు షరతులు పెట్టింది: పరిశోధనలో గణనీయమైన పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో పాలు, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీ. చదవని వ్యాసం కింద ఆమె పేరు పెడితే, ఆమె ఒప్పుకోని వాదనకు కూడా ఆమెను బాధ్యురాలిని చేస్తాం. అది మరో రకం అబద్ధం.

కానీ ఆ మార్గదర్శకాలే ఇంకో మాట కూడా చెబుతాయి. మొదటి షరతు నెరవేర్చినవాళ్లకు రాతప్రతిని చూసే, దిద్దే అవకాశం ఇవ్వాలని, అది ఇవ్వకుండా వాళ్లను తప్పించడానికి మిగతా షరతుల్ని వాడుకోకూడదని. ఊరూరా తిరిగి ఇంటర్వ్యూలు చేసిన ప్రాజెక్టు అసిస్టెంట్ అమ్మాయిని కృతజ్ఞతల పేజీకి పంపేముందు ఈ మాట గుర్తుండాలి. ఆ పేజీ మనకు కొత్తది కాదు. రాతప్రతులు టైపు చేసిన భార్యలకు, పేరైనా చెప్పకుండా, 'నా భార్యకు' అని కృతజ్ఞతలు చెప్పిన ప్రొఫెసర్లను 2017లో ట్విట్టర్‌లో ఎందరో బయటికి తీశారు. అది చూసి మనమంతా కోపగించుకున్నాం. అదే పేజీని మనకన్నా చిన్న ఉద్యోగంలో ఉన్న ఆడవాళ్లకు మనం ఎలా వాడుతున్నామన్నదే ప్రశ్న.

పేరు పంచడం దానం కాదు. దానికి ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఇంగ్లీషులో రాసిన వ్యాసాన్ని ఆమెకు తెలుగులో చదివి వినిపించాలి. ఒప్పుకునే వీలు, కాదనే వీలు అప్పుడే ఆమెకు దొరుకుతాయి. నా మాట మీ శీర్షికకు ఇవ్వనని ఆమె అంటే, మనం వేరే శీర్షిక వెతుక్కోవాలి.