కర్త, స్వామి, ఉద్దిష్టుడు: సవర గోడబొమ్మ లేవనెత్తే నైతిక ప్రశ్న

పాత చిత్రం ఎదుట కళాచరిత్ర సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తుంది. దీనిని ఎవరు వేశారు? ఎవరెవరి చేతులు మారి ఇది ఇక్కడికి చేరింది? మొదటిది కర్తృత్వ విచారణ; రెండవది స్వామ్య చరిత్ర. ఈ రెండింటికీ సమాధానం దొరికితే చిత్రం పట్ల పరిశోధకుని బాధ్యత తీరుతుందా అన్నది ఇక్కడ పరిశీలనాంశం. తూర్పు కనుమలలోని సవరల గోడబొమ్మ ఈ పరిశీలనకు ఆధారం.

ముందుగా డచ్చి చిత్రకళ నుంచి ఒక ఉదాహరణ. 1897లో బెర్లిన్ చేరిన 'బంగారు శిరస్త్రాణం ధరించిన పురుషుడు' అనే చిత్రం దశాబ్దాల పాటు రెంబ్రాంట్ కృతులలో అతిప్రసిద్ధమైనదిగా నిలిచింది. 1985లో అది ఆయన వేసినది కాదని, ఆయన పరిసరాలలోని మరొక చిత్రకారునిదని నిపుణులు తేల్చారు. చిత్రంలో ఒక్క గీత కూడా మారలేదు. మారినది పక్కనున్న పేరు మాత్రమే. దానితోపాటు చూసేవారి గౌరవమూ మారింది. తెలుగు పరిశోధనకు ఈ స్థితి కొత్తది కాదు. ఆముక్తమాల్యద రాయలదా, పెద్దనదా అన్న వివాదంలోనూ పద్యం మారలేదు. దాని వెనుక ఊహించుకున్న మనిషి మారాడు.

రెండవ ఉదాహరణ తెలుగు నేలకు చెందినదే. గోల్కొండ మొగలుల వశం కావడానికి కొద్దికాలం ముందు, సుమారు 1686లో, అక్కడ తయారైన 49 రూపచిత్రాల సంపుటం ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. ఆ నగరానికి మేయరుగా పనిచేసిన నికొలాస్ విట్సెన్ పేరిట దానిని 'విట్సెన్ ఆల్బం' అని వ్యవహరిస్తారు. గీసిన చేతికి పేరు లేదు. సంపాదించిన చేతికి ఉంది.

ఇక్కడ వ్యాకరణం ఒక వెలుగు చూపగలదు. పాణినీయ సంప్రదాయంలో కారకాలు ఆరు. క్రియను నిర్వహించేవాడు కర్త. ఎవరిని ఉద్దేశించి ఇవ్వడం జరుగుతుందో అది సంప్రదానం. షష్ఠి తెలిపే స్వస్వామి సంబంధానికి కారకాలలో చోటు లేదు. కారణం స్పష్టం: క్రియతో దానికి నేరు సంబంధం లేదు. కారకం క్రియతో అన్వయించేది. స్వామ్యం వస్తువుతో అన్వయించేది. చిత్రం పుట్టిన క్రియలో స్వామికి పాత్ర ఉండనవసరం లేదు. అయినా విట్సెన్ ఆల్బం విషయంలో షష్ఠి కర్తృస్థానాన్ని ఆక్రమించింది. సంప్రదానం, అంటే ఈ బొమ్మ ఎవరి కొరకు అన్న ప్రశ్న, రెండు ఉదాహరణలలోనూ వెనుకబడింది.

సవర బొమ్మలో ఆ ప్రశ్నే ముందుంటుంది. పార్వతీపురం మన్యం కొండల నుంచి ఒడిశాలోని గంజాం, కొరాపుట్ ప్రాంతాల వరకు విస్తరించిన సవరలు ఇంటి లోపలి గోడపై ఎర్రమట్టి పూసి, వరిపిండితో తెల్లని బొమ్మలు వేస్తారు. ఒడిశా వైపు దీనిని 'ఇడితాల్' అంటారు. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన గ్రంథంలో ఈ ఆచారాన్ని విస్తారంగా నమోదు చేశారు. ఇంట జబ్బు చేసినా, చనిపోయినవారు కలలో కనిపించి కోరినా, పంట కోసం మొక్కుకున్నా బొమ్మ వేయిస్తారు. అది పితరులకో దేవతకో కట్టిన ఇల్లు. చౌకట్టులో మనుషులు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు ఉంటాయి. కొత్త కాలంలో రైళ్లూ, విమానాలూ వచ్చి చేరాయి. పూజారి ఆవాహన చేసిన తరువాత, ఉద్దేశించినవారికి తృప్తి కలగలేదని తెలిస్తే లోపించినదాన్ని చేర్చుతారు.

ఈ వ్యవస్థలో మృతుడు సంప్రదానం మాత్రమే కాడు. అడిగి వేయించినవాడు కనుక ప్రయోజక కర్త కూడా. గీసినవాడు ప్రయోజ్య కర్త. గోడ గృహస్థుది. బొమ్మ సరైనదా కాదా అన్న తీర్పు గీసినవానిదీ కాదు, గోడ కలవానిదీ కాదు, ఉద్దిష్టునిది. ఆ ఉద్దిష్టుని పేరు ఆ ఇంటివారికి తెలుసు. మ్యూజియం గోడపైకో చీర కొంగుపైకో ఆ బొమ్మ చేరినప్పుడు మొదట రాలిపోయేది ఆ పేరే. దాని స్థానంలో 'సవర చిత్రం' అన్న జాతివాచకం మిగులుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. సవర చిత్రకారుడు తన పేరు రాసుకోడు; సంతకం అతని ధర్మంలో లేదు; కనుక పేరు చెప్పకపోవడమే ఆ సంప్రదాయాన్ని గౌరవించడం. ఈ వాదం సగమే నిజం. పేరును తానుగా వదులుకోవడం ఒకటి, ఇతరులు దానిని విడిచిపెట్టడం మరొకటి. ఊరిలో పేరు రాయనవసరం లేకపోవడానికి కారణం అది అందరికీ తెలిసి ఉండడమే. ఊరు దాటిన క్షణంలో ఆ తెలివిడి తెగిపోతుంది. అప్పుడు మౌనం వినయం కాదు, విస్మృతి. పైగా ఆ విస్మృతి వల్ల లాభపడేది బొమ్మను అమ్ముకునేవాడే.

చట్టం ఈ లోపాన్ని పూడ్చదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ హక్కులు అమ్ముకున్న తరువాత కూడా కృతి తనదని చెప్పుకొనే అధికారాన్ని కర్తకు మిగులుస్తుంది. కానీ ఫలానా వ్యక్తి అని చూపగల కర్త దానికి కావాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం సామాన్యంగా నూరేళ్ల వయస్సును కోరుతుంది. అవసరం వచ్చినప్పుడల్లా కొత్తగా వేసే బొమ్మకు ఆ వయస్సు రాదు. చట్టం కర్తను, స్వామిని గుర్తిస్తుంది. ఉద్దిష్టునికి అందులో స్థానం లేదు.

చట్టం చేయలేనిది పరిశోధన చేయవచ్చు. గిరిజన గేయాల, కథల, బొమ్మల సంకలనాలలో సేకర్త పేరు ముఖపత్రంపైనా, పాడినవారు 'ఒక వృద్ధురాలు'గానూ కనిపించడం అరుదు కాదు. అక్కడ సేకర్త చేసిన పని విలువైనదే, కానీ అది విట్సెన్ స్థానం. పాడినవారు, గీసినవారు అంగీకరిస్తే వారి పేరు, ఊరు, సందర్భం, ఎవరి కొరకు అన్న వివరం నమోదు కావాలి. వారు వద్దంటే, వద్దన్న సంగతే నమోదు కావాలి. అలా చేసినప్పుడే పేరు లేకపోవడం వారి నిర్ణయమా, సేకర్త నిర్లక్ష్యమా అన్నది తరువాతి పాఠకునికి తెలుస్తుంది.

కనుక 'ఎవరు వేశారు', 'ఎవరి వద్ద ఉంది' అన్న ప్రశ్నలు అవసరమే గాని చాలవు. రెంబ్రాంట్ పేరు తొలగిన చిత్రానికి మరొక పేరు వెతకవచ్చు. ఎవరి కొరకు కట్టారో తెలియకుండా పోయిన ఇంటికి మాత్రం గోడ మిగిలినా నివాసి మిగలడు.